అస్సాం నుంచి తిరిగొచ్చిన భీం

ఏటా ఆశ్వయుజ పౌర్ణమికి జోడేఘాట్‌లో కుమ్రం భీంను తలచుకుంటాం. తుపాకీ పట్టిన భీం విగ్రహం మనందరికీ తెలుసు. హాస్టల్ పిల్లలతో రోజూ ఉంటాం కాబట్టి మాకు మాత్రం అంతకుముందరి భీం ఎక్కువగా గుర్తొస్తాడు.

1901లో సంకేపల్లిలో గోండు కుటుంబంలో పుట్టాడు. బడి లేదు. పోడు కొడితే జంగ్లాత్ వాళ్ల జులుం, పశువులు మేపితే పన్ను. చిన్న వయసులోనే తండ్రి పోయాడు. కుటుంబం సుర్దాపూర్ చేరింది. అక్కడ వీళ్లు పండించిన పంట తనదంటూ వచ్చిన సిద్దిఖీ భీం దెబ్బకు చనిపోయాడు. అంతవరకు భీంను పరిస్థితులే నడిపించాయంటే మేమూ కాదనం.

తర్వాతి కథ వేరు. చాందాకు పారిపోయి, ప్రెస్సు నడిపే విఠోబా దగ్గర పనికి కుదిరాడు. పని చేస్తూనే చదవడం, రాయడం నేర్చాడు. (అప్పటికి మన ఇంటర్ పిల్లల కంటే పెద్దవాడే!) అక్కడినుంచి అస్సాం తేయాకు తోటలకు వెళ్లి నాలుగేళ్లకు పైగా కూలి చేశాడు. కూలీల తరఫున నిలబడి జైలుకు పోయి, తప్పించుకున్నాడు. పేరు మార్చుకొని ఎక్కడైనా బతకొచ్చు. కానీ తనను వెతుకుతున్న ఆసిఫాబాద్ అడవులకే తిరిగొచ్చాడు.

వచ్చాక పన్నెండు గూడేలను కూడగట్టాడు. ముందు హైదరాబాద్ వెళ్లి నిజాంను కలవాలని చూశాడు, కుదరలేదు. ఆ తర్వాతే పోరు. 1940లో జోడేఘాట్‌లో కాల్పులకు నేలకొరిగాడు.

ఆ రాత్రి పోలీసులకు భీం జాడ చెప్పింది మనవాళ్లలో ఒకడేనని పెద్దలు చెప్తారు. అతనూ అదే అడవిలో, అదే జులుం కింద పెరిగినవాడే.