అమెజాన్ తీరాన పదకొండేళ్లు

ఇంగ్లండు నడుమ లెస్టర్ అనే పట్టణం ఉన్నది. పందొమ్మిదవ శతాబ్దంలో అది మేజోళ్ల పరిశ్రమకు పేరుపడినది. ఆ వ్యాపారంలోనే ఉన్న ఒక మధ్యతరగతి కుటుంబంలో 1825 ఫిబ్రవరి 8వ తేదీన హెన్రీ వాల్టర్ బేట్స్ జన్మించినాడు. పదమూడవ యేటనే బడిచదువు ముగిసినది. తండ్రి అతనిని ఒక మేజోళ్ల వర్తకుని వద్ద పని నేర్చుకోవడానికి కుదిర్చినాడు. ఉదయం ఏడు గంటలకు ప్రారంభమైన పని రాత్రి ఎనిమిది, తొమ్మిది గంటలకు గాని ముగిసేది కాదు. అటు తరువాత ఆ కుర్రవాడు రాత్రి తరగతులకు పోయి లాటిన్, గ్రీకు, ఫ్రెంచి భాషలు నేర్చుకొనేవాడు. సెలవు దొరికిన నాడు ఊరి వెలుపలి అడవిలో రాళ్లు తిరగవేసి పెంకుపురుగులు ఏరుకొనేవాడు. పద్దెనిమిదవ యేట, తడి నేలలలో తిరిగే పెంకుపురుగులను గురించి అతడు వ్రాసిన చిన్న వ్యాసం ఒక జంతుశాస్త్ర పత్రికలో అచ్చయినది.

1844 ప్రాంతంలో ఆ పట్టణపు పాఠశాలకు ఒక యువ ఉపాధ్యాయుడు వచ్చినాడు. అతడే ఆల్‌ఫ్రెడ్ రస్సెల్ వాలెస్. అంతవరకు వాలెస్‌కు మక్కువ మొక్కల మీదనే. బేట్స్‌తో స్నేహమైన పిమ్మట, ఒక చిన్న పట్టణం చుట్టుపక్కలనే ఇన్ని వందల రకాల పురుగులుండడం చూచి ఆశ్చర్యపోయినాడు. ఇన్ని రకాలు ఎందుకున్నాయి? ఒక జాతి మరొక జాతిగా ఎట్లా మారుతుంది? ఆ ప్రశ్న ఇరువురినీ పట్టుకొన్నది. ఇరువురికీ ఆస్తి లేదు, విశ్వవిద్యాలయపు పట్టా లేదు. 1847లో అమెజాన్ యాత్రను గురించి ఒక అమెరికన్ వ్రాసిన పుస్తకం చదివి, అక్కడికే పోవాలని నిశ్చయించుకొన్నారు. దొరికిన పురుగులను, పక్షులను లండనులో ఒక ప్రతినిధి ద్వారా అమ్మించి, ఆ సొమ్ముతో పొట్ట పోసుకొంటూ తమ ప్రశ్నకు సమాధానం వెదకాలన్నది ఏర్పాటు. 1848 ఏప్రిల్ 26న లివర్‌పూల్‌లో ఓడ ఎక్కి, మే 28న బ్రెజిల్‌లోని పారా రేవులో దిగినారు. నేడు బెలేం అని పిలువబడే పట్టణమిదే. అప్పటికి బేట్స్‌కు ఇరవైమూడేళ్లు.

అమెజానును కొలవడానికి మనకు అలవాటైన కొలబద్దలు చాలవు. మన గోదావరి పొడవు 1,465 కిలోమీటర్లు. అమెజాన్ దాదాపు 6,400 కిలోమీటర్లు. ప్రపంచంలోని నదులన్నీ కలిసి సముద్రంలో పోసే నీటిలో సుమారు ఐదవ వంతు ఈ ఒక్క నదిదే. పడమట ఆండీస్ పర్వతాలు దిగిన తరువాత నేల ఎంత సమతలంగా ఉంటుందంటే, సముద్రపు పోటు ప్రభావం 800 కిలోమీటర్ల ఎగువన కూడా నీటిలో తెలుస్తూంటుంది. ఆండీస్ నుండి ఒండ్రు మోసుకొనివచ్చే ప్రధాన ప్రవాహం పాలు కలిపిన తేనీటి రంగులో ఉంటుంది. ఉత్తరం నుండి వచ్చే నీగ్రో నది, కుళ్లిన ఆకుల సారం దిగి, నల్లని కషాయంలా ఉంటుంది. దక్షిణం నుండి వచ్చే తపజోస్ నది నీరు తేటగా ఉంటుంది. మనౌస్ పట్టణం దిగువన నల్లనీరు, బురదనీరు కలిసే చోట రెండూ వెంటనే కలిసిపోవు. వేడిలోను, వేగంలోను, సాంద్రతలోను భేదమున్నందున కొన్ని కిలోమీటర్ల దూరం పక్కపక్కనే గీత గీసినట్లు ప్రవహిస్తాయి.

బేట్స్ వెళ్లిన తొలి సంవత్సరాలలో ఆ నదిమీద ఆవిరి పడవలు లేవు. ఎగువకు పోవాలంటే తూర్పుగాలే దిక్కు. గాలి పడిపోతే చిన్న పడవలో కొందరు ముందుకు పోయి, మోకును ఒక చెట్టుకు కట్టి, ఆ మోకును లాగుకొంటూ పెద్ద పడవను ముందుకు జరిపేవారు. నేటి మనౌస్ నుండి ఎగా అనే ఊరు చేరడానికి అతనికి ముప్పైఅయిదు రోజులు పట్టినది.

పారా చుట్టూ గడిపిన తొలి నెలలలోనే ఆ అడవి ఏపాటిదో అతనికి అర్థమైనది. బ్రిటనులో ఉన్న సీతాకోకచిలుకల జాతులు 66కు మించవని నాటి లెక్క. పారా పట్టణం నుండి ఒక గంట నడక దూరంలోనే 700 జాతులు ఉన్నట్లు అతడు లెక్కకట్టినాడు. ఆకుల ముక్కలను కత్తిరించి గొడుగుల్లా ఎత్తుకొని బారులు తీరి పోయే సౌబా చీమలను గంటలకొద్దీ కనిపెట్టి చూచినాడు. ఆ ఆకులతో అవి తమ పుట్టల మీద కప్పు వేసుకొంటాయని అతడు తలచినాడు. అది పొరపాటు. ఆకుల మీద బూజు పెంచి ఆ బూజును తింటాయని తరువాత 1874లో థామస్ బెల్ట్ చెప్పినాడు. ఒకనాటి రాత్రి అవే చీమలు బేట్స్ ఇంట్లో జొరబడి, బుట్టలలోని కర్రపెండలపు పిండిని గింజ గింజగా మోసుకొనిపోతూంటే, వాటిని ఆపడానికి తుపాకిమందు పోసి పేల్చవలసి వచ్చినది.

పక్షులను తినే సాలీడు సంగతి మరీ విచిత్రమైనది. 1705లోనే మేరియా సిబిల్లా మేరియన్ అనే చిత్రకారిణి అట్టి సాలీడును తన గ్రంథంలో చిత్రించినది. ఐరోపాలోని పండితులు దానిని ఆడుదాని కట్టుకథగా కొట్టివేసినారు. కమేతా అనే ఊరివద్ద చెట్టుతొర్రకు అడ్డంగా నేసిన గూటిలో రెండు చిన్న పిట్టలు చిక్కి ఉండడం, ఒకదానిమీద ఆ సాలీడు కూర్చుని ఉండడం బేట్స్ స్వయంగా చూచినాడు. నూటయాభై సంవత్సరాలకు ఆ తల్లికి న్యాయం జరిగినదని చెప్పవలె.

1850లో స్నేహితులిద్దరూ విడిపోయినారు. వాలెస్ నీగ్రో నది వెంట పోగా, బేట్స్ ప్రధాన నది వెంట ఎగాకు పోయినాడు. అక్కడ గడిపిన మొదటి యేడాది మిక్కిలి కఠినమైనది. పన్నెండు నెలలపాటు ఇంగ్లండు నుండి ఉత్తరం గాని, డబ్బు గాని రాలేదు. బట్టలు చినిగి పీలికలైనవి. చెప్పులు లేక వట్టికాళ్లతో అడవిలో తిరిగినాడు. నౌకరు పారిపోయినాడు, ఉన్న కొద్దిపాటి రాగి నాణేలూ దొంగల పాలైనవి. చదవడానికి ఏమీ లేక పాత పత్రికలనే మూడేసి మార్లు చదివి, చివరకు ప్రకటనలు కూడా అక్షరం వదలక చదివినాడు. దేహకష్టం కన్నా ఈ మనసు ఆకలే అతనిని ఎక్కువ బాధించినట్లు కనబడుతున్నది. ఇంటికి మరలిపోదామని 1851లో పారాకు దిగివచ్చేసరికి ఆ పట్టణంలో ఎల్లో ఫీవర్ అనే విషజ్వరం చెలరేగుతున్నది. అన్నకు తోడుగా వచ్చిన వాలెస్ తమ్ముడు హెర్బర్ట్ ఆ జ్వరంతోనే కన్ను మూసినాడు. అతనికి ఉపచారం చేసిన బేట్స్‌కూ జ్వరం సోకినది. బ్రతికి లేచిన పిమ్మట ఎవరైనా ఓడ ఎక్కుతారు. అతడు మాత్రం మళ్లీ నది ఎగువకే పోయినాడు. తపజోస్ సంగమం వద్ద సంతరేం పట్టణంలో మూడున్నర సంవత్సరాలు గడిపి, 1855లో తిరిగి ఎగా చేరినాడు.

ఎగా పట్టణం పేరు నేడు తెఫే. ప్రధాన నదిని ఆనుకొని ఉన్న ఒక విశాలమైన సరస్సు ఒడ్డున అది ఉన్నది. అక్కడ కాలాన్ని కొలిచేది పంచాంగం కాదు, నది. వెల్లువకాలంలో నీటిమట్టం దాదాపు నలభై అడుగులు పెరుగుతుంది. అప్పుడు అడవి అడవే నీటిలో నిలిచి ఉంటుంది. పడవలు చెట్లకొమ్మల నడుమ నుండి పోతాయి. చేపలు అడవిలోకి ఈదివచ్చి, చెట్ల నుండి రాలే పండ్లు తిని బలుస్తాయి. జూన్ తరువాత నీరు తీసినకొద్దీ ఇసుకతిన్నెలు బయటపడతాయి. ఆ తిన్నెల మీదికి పెద్ద తాబేళ్లు వేలకొద్దీ వచ్చి గుడ్లు పెట్టేవి. ఊరి జనం సకుటుంబంగా తిన్నెలకు తరలిపోయి గుడ్లు త్రవ్వి, ఖాళీ పడవలలో పోసి చితకగొట్టి, ఎండకు పైకి తేలిన నూనెను తీసి కాచి జాడీల కెత్తేవారు. దీపాలకు, వంటకు అదే నూనె. బేట్స్ ఆ పనిలో వారితో కలిసి పాల్గొన్నాడు. అంతటితో ఊరుకోక లెక్క కట్టినాడు. ఒక జాడీ నూనెకు ఆరువేల గుడ్లు. ఎగుమతికి ఆరువేల జాడీలు, స్థానికుల వాడకానికి రెండువేల జాడీలు. అంటే యేటా నాలుగుకోట్ల ఎనభై లక్షల గుడ్లు నాశనమవుతున్నాయి. ఏడాదికేడాది తాబేళ్లు తగ్గుతున్నాయని కూడా అతడు గుర్తించినాడు. అడవికి అంతు లేదని అందరూ నమ్మిన కాలంలో ఈ లెక్క వేసిన వాడు అతడు.

ఆ నీటిలోని గులాబిరంగు డాల్ఫినును అక్కడివారు బోతో అంటారు. అది రాత్రివేళ పాదాల దాకా జుట్టు విరబోసుకొన్న సుందరి రూపం దాల్చి ఎగా వీధులలో తిరిగి, యువకులను ఏటిలోకి తీసుకొనిపోతుందని వారి కథ. దాని కొవ్వుతో దీపం వెలిగిస్తే కళ్లు పోతాయని నమ్మకం. కనుక దానిని ఎవరూ కోరి చంపేవారు కారు. బేట్స్ ఈ కథలను నవ్వి తోసివేయక శ్రద్ధగా వ్రాసుకొన్నాడు.

అక్కడి జనంతో అతని సంబంధం ఎట్టిదో ఒక్క విషయం తెలుపుతుంది. ఎగువ అడవులలోని ఆదిమజాతుల పిల్లలను ఎత్తుకొనివచ్చి అమ్మడం చట్టవిరుద్ధమైనా, అక్కడ జరుగుతూనే ఉండేది. అట్లా వచ్చిన ఓరియా అనే చిన్నపిల్ల అతని ఇంట చేరినది. అప్పటికే ఆమెకు మలేరియా ముదిరి ఉన్నది. ఇంటివారందరూ ఆమెకు ఉపచారం చేసినారు. అయినా ఆ పిల్ల దక్కలేదు. అడవిజాతి పిల్లకు జ్ఞానస్నానమేమిటని ఊరివారు వెనుకాడితే, బేట్స్ పట్టుపట్టి అది జరిపించినాడు. ఆ ఊరి బిడ్డలకు జరిగే విధంగానే, తలకు పూలకిరీటం పెట్టి, చేతులలో పూలుంచి ఖననం చేయించినాడు. అతని గ్రంథంలో పురుగుల వర్ణనలు వందలున్నాయి. చదివిన తరువాత మరపురానిది మాత్రం ఈ పుట.

రోజూ ఎడమ భుజాన తుపాకి, కుడిచేత వల, పక్కన రెండు సంచులు, చొక్కాకు గుచ్చుకొన్న ఆరు రకాల పిన్నుల దిండుతో అడవికి పోయేవాడు. ఎగా పరిసరాలలోనే దాదాపు 7,000 జాతుల కీటకాలు సేకరించినాడు. రంగురంగుల రెక్కలతో, మెల్లగా ఎగిరే ఒక వర్గపు సీతాకోకచిలుకలను పక్షులు ముట్టుకోకపోవడం అక్కడే గమనించినాడు. వాటికి వెగటు వాసన ఉన్నది. ఆ గుంపులలో అరుదుగా, అచ్చం అవే రంగులతో, వేరే కుటుంబానికి చెందిన లెప్టాలిస్ అనే సీతాకోకచిలుకలు కలిసి ఎగురుతూండేవి. వల వేసి పట్టి, కాళ్లు, రెక్కల ఈనెలు పరిశీలిస్తే గాని తేడా తెలియదు. నది వెంట పోయినకొద్దీ మొదటి వాటి రంగులు ఊరూరికీ మారుతూండేవి. ఆయా ఊళ్లలో రెండవ వాటి రంగులూ అందుకు తగినట్లే మారి ఉండేవి.

ఈ సంగతి మన పెరట్లోనే చూడవచ్చును. జిల్లేడు ఆకులు తిని పెరిగే సీతాకోకచిలుక ఒకటి నారింజరంగు రెక్కలతో నింపాదిగా ఎగురుతుంది. జిల్లేటిపాల విషం ఒంట బట్టినందున పక్షులు దానిని తినవు. విషంలేని మరొక జాతిలో ఆడవి అదే వేషంతో తిరుగుతాయి. ఉపాధ్యాయులు పిల్లలకు పుస్తకం మూసి చూపదగిన పాఠమిది.

1859 జూన్ 2న బేట్స్ పారా విడిచినాడు. అప్పటికి పదకొండు సంవత్సరాలు గడిచిపోయినవి. సేకరించినవి 14,712 జాతులు. వాటిలో సుమారు 8,000 శాస్త్రానికి అంతవరకు తెలియనివి. ఇంతకూ చేతికి మిగిలిన సొమ్ము 800 పౌన్లు. ఓడ కదిలిన పిమ్మట, ఇంగ్లండులోని పొగ, చలి, ఇరుకు జీవితం తలపుకు వచ్చి, తాను చేసినది సరియైనదేనా అన్న సందేహం అతనిని పట్టుకొన్నది.

అదే సంవత్సరం నవంబరులో డార్విన్ మహాగ్రంథం వెలువడినది. ఎగాలో చూచిన వేషధారుల అర్థం అప్పుడు స్పష్టమైనది. విషమున్న జాతిని కొద్దిగా పోలిన వాటిని పక్షులు వదిలివేస్తాయి, పోలనివాటిని తినివేస్తాయి, తరతరాలుగా ఈ ఏరివేత సాగి పోలిక పరిపూర్ణమవుతుంది. 1861 నవంబరు 21న లండనులోని లిన్నేయన్ సొసైటీలో ఈ వ్యాసం చదివినాడు. ప్రకృతివరణం జరుగుతున్న తీరును కళ్లకు కట్టిన తొలి నిదర్శనాలలో ఇది ఒకటి. నేటికీ జీవశాస్త్రంలో ఈ అనుకరణకు బేట్స్ పేరే ఉన్నది. డార్విన్ ప్రోత్సాహంతో వ్రాసిన యాత్రాగ్రంథం 1863లో వెలువడి పేరు తెచ్చినది. అట్టి పుస్తకం మరొకటి వ్రాయడం కన్నా అమెజానులో మరో పదకొండేళ్లు గడపడమే మేలనుకొన్నాడట!

పేరు వచ్చినా కడుపు నిండాలి గదా. బ్రిటిష్ మ్యూజియంలో ఉద్యోగం కోరితే రాలేదు. 1864లో రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీలో సహాయ కార్యదర్శిగా కుదిరి, ఇతరుల యాత్రలకు ఏర్పాట్లు చేస్తూ, ఇతరుల వ్రాతలు దిద్దుతూ తక్కిన జీవితమంతా గడిపినాడు. 1881లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించినది. తీరిక దొరికిన రాత్రులలో పెంకుపురుగుల వర్గీకరణ సాగేది. మళ్లీ అమెజాన్ ముఖం చూడలేదు. 1892 ఫిబ్రవరి 16న శ్వాసనాళాల వ్యాధితో లండనులో మరణించినాడు.

తెఫే సమీపంలో మామిరావా అనే వెల్లువ అడవి 1990 నుండి రక్షిత ప్రాంతంగా ఉన్నది. అక్కడి పల్లెవాసులే నేడు చేపల లెక్కలు వేసి, ఏ యేడు ఎన్ని పట్టవచ్చునో నిర్ణయించడంలో పాలుపంచుకొంటున్నారు. 2023లో అనావృష్టి వచ్చి తెఫే సరస్సు అడుగంటినది. మిగిలిన నీరు 39 డిగ్రీలు దాటి కాగిపోగా, ఆ సెప్టెంబరు, అక్టోబరు నెలలలో నూటయాభైకి పైగా డాల్ఫిన్లు చచ్చి ఒడ్డున పడినవి. జుట్టు విరబోసుకొన్న సుందరి కథ బేట్స్ వ్రాసుకొన్నది ఆ ఒడ్డుననే.

అతడు అమెజానులో వాడిన నోటుపుస్తకాలు రెండు లండనులోని నేచురల్ హిస్టరీ మ్యూజియంలో భద్రంగా ఉన్నాయి. సన్నని అక్షరాల నడుమ, సీతాకోకచిలుకలు రెక్కలు విప్పుకొని వరుసలు తీరి ఉంటాయి. అవన్నీ అతడు తన చేతితో గీసి రంగులు వేసినవే.