భూమి వాలు నెఱిగిన మహనీయుడు: సర్ ఆర్థర్ కాటను దొరగారి చరిత్రము

వార్షిక మహాసభా సంచికలయందు స్వకులమున జన్మించిన పెద్దల చరిత్రములను ప్రకటించుట పరిపాటి. ఈ పర్యాయము మన కులమున గాని మన దేశమున గాని పుట్టని యొక మహనీయుని చరిత్రము నెన్నుకొంటిమి. పలాస, టెక్కలి ప్రాంతములయందును ఉద్దానపు తీరమునను తోటలు చదునై యిండ్ల స్థలములుగా మాఱుచున్న యీ కాలమున, నేలను ముందు పరీక్షించి పిమ్మట పని కుపక్రమించిన పురుషుని జీవితము మన సోదరులకు తెలియదగినదని మా యభిప్రాయము.

ఆర్థర్ కాటను 1803వ సంవత్సరము మే 15వ తేదీని ఇంగ్లండు దేశమున జన్మించిరి. సైనిక విద్యాలయమున చదువు ముగించి, కొంతకాలము వేల్సు సీమలో భూమికొలతల శాఖయందు పనిచేసి, 1821లో చెన్నపట్టణము చేరిరి. మెఱకపల్లములను కొలుచు నా తొలి యభ్యాసము వారిని జీవితాంతము విడువలేదు. తంజావూరు సీమలో 1836లో కొల్లిడము నదిపై ఆనకట్టలు నిర్మించిరి. చోళరాజులనాటి కల్లణను చూచి, అడుగున రాతినేల దొరకని చోట ఇసుకమీదనే బరువైన రాళ్లు పేర్చి కట్టడమును నిలుపవచ్చునని గ్రహించిరి. పాలకజాతికి చెందినవారయ్యు, ఈ దేశపు పూర్వుల పనితనమును గురువుగా నెంచుట వారి గొప్పతనము. అటుపిమ్మట విశాఖపట్టణమున నున్నప్పుడు, సముద్రపు కోతనుండి తీరమును కాచుటకై రాతికట్టలను వేయించిరి.

ఆ కాలమున గోదావరీ మండలము మిక్కిలి దుర్దశలో నుండెను. 1833 ప్రాంతపు క్షామమును, 1839లో కోరంగి తీరమును ముంచిన తుపానును ప్రజలను క్రుంగదీసెను. ఒడ్డున జనులు పస్తులుండగా నిండుగోదావరి వ్యర్థముగా సముద్రమున గలియుచుండెను. దీనికి మందు కనుగొనుటకై కాటను దొరవారు ప్రదేశమంతయు సంచరించి పరిశీలించిరి.

వారు గమనించిన విషయములు మూడు. మొదటిది వాలు. ధవళేశ్వరమునుండి సముద్రమువఱకు నేల మైలునకు సుమారు అడుగు చొప్పున దిగుచున్నది. మఱియు నది తాను తెచ్చిన యొండ్రును తన గట్లవద్దనే పోసికొనుటచేత, నదీతీరము మెఱకగాను దూరపు పొలములు పల్లముగాను ఉన్నవి. కావున నీటిని నదివద్ద కొంచెమెత్తున నిలిపిన చాలును, కాలువలు తమంతట తామే పాఱును. రెండవది స్థలము. పాపికొండల నడుమ నది యిఱుకైనను, అచ్చట లోతును వడియు నధికము. ధవళేశ్వరమున నది మిక్కిలి వెడల్పైనను, నీరు పలుచబడును. నడుమ లంకలుండుటచే కట్టవలసిన పొడవు తగ్గును. మూడవది రాయి. పనికి వలయు రాయి ధవళేశ్వరపు కొండలోనే దొరకును.

1844, 1845 సంవత్సరములలో నివేదికలు పంపి, 1846 చివర అనుమతి పొంది, 1847లో పని ప్రారంభించిరి. ఇసుకలో నూతులు దింపి, వానిపై గోడలు లేపి, దిగువను పెద్దరాళ్లు పఱపించిరి. వీణెము వీరన్నగారు ఈ మహాకార్యమున వారికి కుడిభుజమై నిలిచిరి. 1852 నాటికి నాలుగు భాగములుగా, సుమారు రెండుంబావు మైళ్ల రాతికట్టు పూర్తియయ్యెను. 1982లో దాని స్థానమున నూతన బ్యారేజి వెలసి కాటను పేరే ధరించినది. నేడు సుమారు పదిలక్షల యెకరములకు ఆ జలములే జీవనాధారము.

చరిత్రకారుని ధర్మము గుణమును మాత్రమే చెప్పుట కాదు. ఎగువ గోదావరిని నౌకామార్గముగా చేయవలెనని దొరవారు మిగుల నాశించిరి. నదిలో మూడుచోట్ల బండరాళ్ల యడ్డంకులుండెను. బహుధనము వెచ్చించిన పిదప 1871లో ప్రభుత్వము ఆ పనిని విడిచెను. నేల యనుకూలించినచోట నెగ్గిన మేధాశక్తియే, శిల యెదిరించినచోట ఓడినది. ఈ రెండవ పాఠము మొదటిదానికంటె తక్కువ విలువైనది కాదు.

దొరవారు 1861లో సర్ బిరుదము పొంది, 1899 జూలై 24న స్వదేశమున పరమపదించిరి.

ఇక మన సీమను చూతము. మహేంద్రగిరి మన వెనుకనే యున్నది, సముద్రము ముందున్నది. నడుమనున్న నేల యిఱుకు. కొండమీద కురిసిన వాన కొద్ది గడియలలో గెడ్డలవెంట దిగివచ్చి పల్లమును వెదకికొనును. మధ్యనున్న బీల నేలలు ఆ నీటిని నిలుపుకొనును. తీరపు ఇసుకదిబ్బలు అలలను ఆపి, వాననీటిని తమలో దాచి బావులకిచ్చును. సోంపేట బీలను బంజరని తలచి విద్యుత్కేంద్రమునకు కేటాయింపగా, 2010 జూలై 14న కాల్పులు జరిగి ప్రాణములు పోయెను; ఆ మాసముననే పర్యావరణానుమతియు రద్దయ్యెను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన కొబ్బరి, జీడితోటలను కూల్చి, నేల స్వభావమును మఱచితిమేని కలుగు నష్టమెంతయో మనకు స్ఫురింపజేసెను.

కావున దాతలకును సభ్యులకును మా విన్నపము. వసతిగృహమునకైనను, విద్యాలయమునకైనను, సొంత యింటికైనను స్థలమును గైకొనుటకు ముందు దస్తావేజుతోబాటు నేలనుగూడ చదువవలెను. వాననాడు నీరెటునుండి వచ్చి యెటు పోవునో, చెఱువు అలుగునీరు పూర్వ మెచ్చట పాఱెనో చూడవలెను. గొయ్యి త్రవ్వించి మన్నెంత, ఇసుక యెంత, రాయి యెంత లోతున నున్నదో తెలిసికొనవలెను. కొండవాలును తొలిచినచో పైమన్ను నిలుచునా జాఱునా యని భూగర్భశాస్త్రము నెఱిగినవారి నడుగవలెను. ఊరి వృద్ధులను విచారించుట మఱవరాదు. కల్లణను చూచి నేర్చిన కాటను దొరకే అది చిన్నతనము కాలేదు. గెడ్డను పూడ్చి కట్టిన భవనము దాతకు కీర్తి తేదు. నేల యొప్పుకొన్న చోట వెలసిన చిన్న పాకయైనను మన బిడ్డలను తరతరములు కాచును.