పదవీ విరమణ తరువాతే ప్రారంభమైన జీవితం

రిటైరైన మర్నాటి నుంచి ఇక మన పని అయిపోయిందని దిగులు పడేవారు మనలో లేకపోలేదు. అలాంటివారు కౌంట్ ఫెర్డినాండ్ ఫాన్ జెప్పెలిన్ జీవితం తెలుసుకోవాలి.

ఆయన 1838 జూలై 8న జర్మనీలోని కాన్‌స్టాన్స్ పట్టణంలో జన్మించారు. సైన్యంలో చేరారు. 1863లో అంతర్యుద్ధాన్ని పరిశీలించడానికి అమెరికా వెళ్లినపుడు తొలిసారి బెలూన్ ఎక్కారు. గాలి ఎటు తోస్తే అటు పోయే బెలూన్‌ను మనిషి కోరిన దిక్కుకు నడిపించడమెలా అన్న ఆలోచన తరువాతి కాలంలో ఆయనను వదలలేదు. 1890లో, సైనిక విన్యాసాలలో ఆయన నాయకత్వాన్ని పై అధికారులు తప్పుపట్టడంతో ఇష్టం లేకుండానే విరమణ చేయవలసివచ్చింది. అప్పటికి వయసు 52.

ఆ అవమానంతో ఆయన ఇంట్లో కూర్చోలేదు. అల్యూమినియం చట్రం, లోపల హైడ్రోజన్ నింపిన సంచులు, పైన గుడ్డ తొడుగు, నడపడానికి ఇంజన్లు - ఇదీ ఆయన పథకం. 1894లో నిపుణుల సంఘం దానిని తిరస్కరించింది. 1898లో కంపెనీ పెట్టి, మూలధనంలో సగానికి పైగా తన సొంత డబ్బే పోశారు. 1900 జూలై 2న, 128 మీటర్ల పొడవైన తొలి ఓడ కాన్‌స్టాన్స్ సరస్సుపై సుమారు 18 నిమిషాలు ఎగిరింది. కాని డబ్బు అయిపోయి కంపెనీ మూతపడింది. 1906లో రెండవ ఓడ గాలివానకు నాశనమైంది. మూడవది బాగా ఎగిరింది.

1908 ఆగస్టు 5న అసలు పరీక్ష ఎదురైంది. ఇంజన్ చెడి ఎక్టర్‌డింగెన్ వద్ద దిగిన నాల్గవ ఓడ ఈదురుగాలికి తెగిపోయి కాలి బూడిదైంది. డెబ్బై ఏళ్ల వృద్ధుడికి అంతా ముగిసినట్లే అనిపించే సమయం. అయితే జర్మన్ ప్రజలు తమంత తాముగా చందాలు పంపారు. 60 లక్షల మార్కులకు పైగా పోగయింది. 1909లో ప్రపంచంలో మొదటి విమానయాన సంస్థ ఏర్పడింది. 1914 వరకు ఆ ఓడలలో సుమారు 34 వేల మంది ప్రయాణించారు. ఒక్క ప్రయాణికుడి ప్రాణమూ పోలేదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో అవే ఓడలు లండన్‌పై బాంబులు కురిపించాయన్నదీ దాచరాని నిజమే. 1917 మార్చి 8న ఆయన కన్నుమూశారు. 1937లో హిండెన్‌బర్గ్ దగ్ధమై 36 మంది మరణించడంతో ఆ పెద్ద ఓడల యుగం ముగిసింది.

ఆయన ఓడలు నిలవలేదు. కాని 52 ఏళ్లకు ఇంటికి పంపిన మనిషి 62వ ఏట ఆకాశానికి దారి వేశాడన్న మాట మిగిలింది. మనకు అది చాలు.