మైదానంలో ఉపాధ్యాయుడు: సయ్యద్ అబ్దుల్ రహీం

భారతదేశ ఫుట్‌బాల్ చరిత్రలో 1951 నుంచి 1962 వరకు గల కాలాన్ని స్వర్ణయుగంగా పేర్కొంటారు. ఆ పన్నెండేళ్లలో మన జట్టు ఆసియా క్రీడల్లో రెండుసార్లు స్వర్ణపతకం సాధించింది; ఒలింపిక్ క్రీడల్లో ఒకసారి నాలుగో స్థానంలో నిలిచింది. ఈ విజయాలకు సూత్రధారి హైదరాబాదుకు చెందిన ఒక బడిపంతులు. ఆయనే సయ్యద్ అబ్దుల్ రహీం. క్రీడాకారులందరికీ ఆయన రహీం సాబ్.

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించారు. ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థులతో ఏర్పడిన జట్టులోను, నగరంలో పేరుగాంచిన కమర్ క్లబ్బులోను ఆయన ఆడారు. పట్టభద్రులైన తరువాత కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలైన చోట్ల పాఠశాలల్లో బోధించారు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొందారు. 1940ల ఆరంభంలో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి బాధ్యత స్వీకరించి, తుదిశ్వాస విడిచే వరకు దానిని నిర్వహించారు.

ఉపాధ్యాయ వృత్తి ఆయనకు ఇచ్చిన గొప్ప సంపద ఓర్పు. తప్పు చేసిన పిల్లవాడిని మందలించడం కన్నా, ఆ తప్పు ఎక్కడ మొదలైందో కనిపెట్టడం ముఖ్యమని ఆయన ఎరిగినవారు. మన ఆటగాళ్లలో చాలామందికి కుడికాలు ఆడినట్లు ఎడమకాలు ఆడదు. దీనికి విరుగుడుగా ఆయన బలహీనమైన కాలితోనే బంతిని తన్నాలన్న నియమంతో పోటీలు నిర్వహించారు. బంతిని తన వద్దే ఉంచుకొని ఒంటరిగా దూసుకుపోయే అలవాటును మాన్పించడానికి, అలా ఆడరాదన్న నియమంతో మరికొన్ని పోటీలు పెట్టారు. చూసేవారికి ఇవి వింతగా తోచి ఉండవచ్చు. కాని పాఠం తలకెక్కించడానికి ఇంతకు మించిన ఉపాయం లేదు.

ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును గెలుచుకొంది. 1950లో కలకత్తాకు చెందిన మోహన్ బగాన్ జట్టును ఓడించి డ్యూరాండ్ కప్పును కూడా కైవసం చేసుకొంది. ఫుట్‌బాల్ అంటే కలకత్తాయేనని దేశం నమ్మిన రోజులవి. 1956, 1957 సంవత్సరాల్లో సంతోష్ ట్రోఫీ సైతం హైదరాబాదునే వరించింది.

1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో భారత జట్టు ఇరాన్‌ను 1-0 తేడాతో ఓడించి స్వర్ణం సాధించింది. ఆ ఆనందం ఎంతోకాలం నిలువలేదు. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1 తేడాతో ఘోరపరాజయం ఎదురైంది. మన ఆటగాళ్లలో చాలామంది ఆ చలిదేశంలో బూట్లు లేకుండా ఆడారు. ఆ ఓటమి తరువాతే దేశంలో బూట్లు తప్పనిసరి అయ్యాయి. అయితే లోపం పాదరక్షల్లోనే లేదని రహీం గ్రహించారు. ఇద్దరు రక్షకులు, ముగ్గురు హాఫ్‌బ్యాకులు, ఐదుగురు ఫార్వర్డులు అనే పాత అమరిక కాలం చెల్లిపోయింది. నేడు మనం మిడ్‌ఫీల్డర్లని పిలిచే హాఫ్‌బ్యాకులే ఆటకు వెన్నెముక. బంతిని అడ్డుకోవలసినదీ, ముందుకు అందించవలసినదీ వారే. అందుచేత ఆయన జట్టు అమరికను మార్చి, ఒక ఫార్వర్డును వెనుకకు జరిపి, మైదానం నడుమ బలాన్ని పెంచారు. హెల్సింకి ఓటమిని చవిచూసిన హైదరాబాదు పోలీసు హాఫ్‌బ్యాక్ నూర్ మహమ్మద్‌కు నాలుగేళ్ల తరువాతి ఒలింపిక్ జట్టులోనూ స్థానం దక్కింది.

ప్రతిభ ఉండి పేదరికం అడ్డుపడిన యువకులను రహీం చేరదీశారు. సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం సాధనకు నగరానికి రావడానికి దారి ఖర్చులు లేక వెనుకాడితే, అద్దె సైకిలుకయ్యే సొమ్మును ఆయనే ఇచ్చారు. ఆ కుర్రవాడే ఇరవై ఏళ్ల ప్రాయంలో మెల్బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్లాడు.

ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం అవతరించి సరిగ్గా నెల తిరిగిన నాడు, అంటే 1956 డిసెంబరు 1న, మెల్బోర్న్‌లో భారత జట్టు ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశాడు. సెమీఫైనల్లో మళ్లీ యుగోస్లావియాయే ఎదురైంది. తొలి గోల్ మనదే అయినా చివరకు 4-1తో ఓటమి తప్పలేదు. నాలుగేళ్ల క్రితపు పది గోల్స్‌తో పోల్చి చూస్తే జట్టు ఎంత దూరం నడిచిందో తెలుస్తుంది.

1960 రోమ్ ఒలింపిక్ జట్టులో రహీం కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నాడు. అతడు సమర్థుడైన యువ హాఫ్‌బ్యాక్. ఆ పోటీల్లో భారత జట్టు మూడు మ్యాచ్‌లు ఆడింది. ఫ్రాన్స్‌ను 1-1తో నిలువరించింది. ఒక్క మ్యాచ్‌లోనైనా హకీంకు మైదానంలో అడుగుపెట్టే అవకాశం రాలేదు. జట్టును నడిపినది కన్నతండ్రే.

1962లో జకార్తా ఆసియా క్రీడలకు బయలుదేరేనాటికి రహీం ఆరోగ్యం దెబ్బతిన్నది. సిగరెట్ల అలవాటు ఆయన ఊపిరితిత్తులను తినివేసింది. అక్కడ తొలి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. తరువాతి మ్యాచ్‌లో రక్షకుడు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. అతనిని కూర్చోబెట్టవలసిన చోట రహీం ఫార్వర్డుగా ముందుకు పంపారు. అతడు సెమీఫైనల్లో గోల్ చేసి ఆ సాహసాన్ని సార్థకం చేశాడు. అదే సమయంలో ఇజ్రాయెల్, తైవాన్ దేశాలకు ప్రవేశం నిరాకరించడాన్ని భారత ప్రతినిధి విమర్శించినందున జకార్తా ప్రజలు మన జట్టుపై ఆగ్రహంతో ఉన్నారు. ఫైనల్‌కు ముందు రాత్రి రహీం ఆటగాళ్లను పిలిచి, తనకు ఒక కానుక కావాలని, అది మరునాటి స్వర్ణపతకమని కోరారట.

సెప్టెంబరు 4న దాదాపు లక్షమంది కేకలు వేస్తూ ఎగతాళి చేస్తుండగా, తొలి మ్యాచ్‌లో తమను ఓడించిన కొరియాతోనే మనవారు తలపడ్డారు. ప్రశాంత సిన్హా, ఫ్రాంకో హాఫ్‌బ్యాకులు. హైదరాబాదు నుంచి యూసుఫ్ ఖాన్, బలరాం, గోల్‌కీపర్ తంగరాజ్ ఉన్నారు. ఆరంభంలోనే పి.కె. బెనర్జీ, జర్నైల్ సింగ్ చెరొక గోల్ చేశారు. ఆట ముగియవచ్చినవేళ కొరియా ఒక గోల్ చేయగలిగినా 2-1తో విజయం మనదే అయింది.

ఆ తరువాత రహీం ఎక్కువకాలం జీవించలేదు. కాన్సర్ వ్యాధితో 1963 జూన్ 11న హైదరాబాదులో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 53 ఏళ్లు. క్రీడా శిక్షకులకిచ్చే ద్రోణాచార్య పురస్కారం 1985లో గాని మొదలు కాలేదు. కుమారుడు హకీం తరువాతి కాలంలో అంతర్జాతీయ రెఫరీగా, శిక్షకుడిగా పేరు తెచ్చుకొని, 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకొని, 2021లో మరణించారు. 1970 బాంకాక్ ఆసియా క్రీడల్లో భారత జట్టు కాంస్యం గెలిచినప్పుడు నాయకుడు కూడా హైదరాబాదీయే, సయ్యద్ నయీముద్దీన్. జకార్తా స్వర్ణం తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో పురుషుల జట్టుకు మరో స్వర్ణం దక్కలేదు.