సర్ ఎడ్వర్డు కోక్

ప్రభుత్వమే యన్యాయము చేసినచో సామాన్యుడు ఎవరితో మొఱపెట్టుకొనవలెను? న్యాయస్థానముతో నని నేడు మన విద్యార్థు లెల్లరు నుత్తరము చెప్పగలరు. ఈ యుత్తరము నిలుచుటకై పాటుపడి పదవిని గోల్పోయిన యొక న్యాయాధిపతి చరిత్రమును మేమిట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఎడ్వర్డు కోక్ 1552వ సంవత్సరమున ఇంగ్లాండు దేశమందలి నార్ఫోక్ మండలమున జనించెను. కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కళాశాలయందు జదివి, 1578లో న్యాయవాది యయ్యెను. 1594లో ఎలిజబెత్తు రాణి యతనిని అటార్నీ జనరలుగా నియమించెను. ఆ యుద్యోగమున నతడు మిక్కిలి కఠినుడు. 1603లో సర్ వాల్టరు రాలీపై రాజద్రోహ విచారణ జరిగినప్పుడు ముద్దాయిని నిండుసభలో దూషించెను. ఈ దోషమును మేము దాచము. రాజపక్షమున నట్లు వాదించినవాడే పిమ్మట రాజాధికారమునకు మేర చూపెను.

1606లో కోక్ కామన్ ప్లీస్ న్యాయస్థానమునకు ప్రధాన న్యాయాధిపతి యయ్యెను. అప్పటి రాజగు మొదటి జేమ్సు తన యధికారము దైవదత్తమని నమ్మినవాడు. వ్యాజ్యములను దానే స్వయముగా దీర్పవచ్చునని యతని తలంపు. 1607లో కోక్ రాజు నెదుటనే దానిని నిరాకరించెను. రాజు బుద్ధిమంతుడే గాని, న్యాయశాస్త్రము చిరకాలాభ్యాసముచే గాని యలవడదనియు, రాజు మనుష్యులకు లోబడకున్నను ధర్మమునకు లోబడవలసినదే యనియు నతని వాదము. రాజు మండిపడగా కోక్ మోకరించి క్షమాపణ వేడెనని నాటి లేఖ యొకటి తెలుపుచున్నది. భయమెరుగని వాడు కాడు. అయినను తన మతమును విడువలేదు.

1610లో మఱియొక ప్రశ్న వచ్చెను. లండను నగరమున క్రొత్త యిండ్లు కట్టరాదనియు, గోధుమలతో గంజిపిండి చేయరాదనియు రాజు ప్రకటనలు చేసియుండెను. అట్టి ప్రకటనమాత్రముచే మునుపు నేరము కానిది నేరమగునా? కాదని కోక్ తోడి న్యాయాధిపతులతో గూడి నిర్ణయించెను. చట్టమిచ్చిన యధికారము తప్ప రాజునకు వేఱధికారము లేదని దాని సారము.

1616లో ఒక వ్యాజ్యమును ఆపుడని రాజు ఆజ్ఞాపించెను. పండ్రెండుగురు న్యాయాధిపతులును రాజు నెదుట మోకరించిరి. ఇకమీద నట్టి యాజ్ఞ వచ్చిన నాపుదురా యని యడుగగా, తక్కిన వారందఱు సమ్మతించిరి. కోక్ మాత్రము, అప్పుడు న్యాయాధిపతికి దగిన పనినే చేయుదునని బదులు చెప్పెను. ఆ సంవత్సరమే యతని పదవి పోయెను.

పిమ్మట నతడు పార్లమెంటు సభ్యుడై, 1621 డిసెంబరులో లండను టవరున బంధింపబడి, మరుసటి యేడు విడుదలయ్యెను. 1628లో, పార్లమెంటు సమ్మతిలేక పన్నులు గూడదనియు, కారణము తెలుపక నిర్బంధము గూడదనియు చాటిన హక్కుల విజ్ఞప్తికి ముఖ్యకర్త యయ్యెను. 1634 సెప్టెంబరు 3న మృతినొందెను. అవసానకాలమున రాజోద్యోగు లతని కాగితములను గొనిపోయిరి. పిదప పార్లమెంటు వానిని దెప్పించి గ్రంథములుగా బ్రకటింపజేసెను.

1950లో అమలునకు వచ్చిన మన రాజ్యాంగము 226వ అధికరణముచే హైకోర్టులకు రిట్టుల నిచ్చు నధికార మొసగెను. పరిధి దాటిన విచారణసభలను ఆపుటకు కోక్ వాడిన ప్రొహిబిషన్ రిట్టు వానిలో నొకటి. 300వ అధికరణము ననుసరించి ప్రభుత్వముపైనను దావా వేయవచ్చును. పండ్రెండుగురిలో నొక్కడు తలయూపకుండుట యెంతటి మేలో మన బాలబాలికలు గ్రహింతురు గాక యని కోరుచున్నాము.