చేపల పేర్లు రాసుకున్న వైద్యుడు



మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో నివసించే మనకు సముద్రం చాలా దూరం. మనకు తెలిసినవి చెరువు చేపలు. సముద్రపు చేప మన సంతకు ఎక్కువగా ఎండుచేపగానే వస్తుంది. అయితే రక్తపింజరి సంగతి వేరు. దాని పేరు వినని రైతు మన పల్లెల్లో ఉండడు. వేరుశనగ చేలోనో, గడ్డి కోసే గట్టుమీదో అది ఎప్పుడో ఒకప్పుడు ఎదురుపడే ఉంటుంది. దాన్నే ఇంగ్లీషులో రసెల్ వైపర్ అంటారు. ఎవరీ రసెల్? పాముకు ఆయన పేరెందుకు వచ్చింది? ఈ వారం ఆయన కథ చెప్పుకుందాం. ఈ కథలో పాముల కంటే చేపలే ఎక్కువ.

ప్యాట్రిక్ రసెల్ 1726 ప్రాంతంలో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో జన్మించారు. అక్కడి విశ్వవిద్యాలయంలోనే వైద్యం చదివి, సిరియా దేశంలోని అలెప్పో నగరానికి వెళ్లారు. ఆయన సవతి అన్న అలెగ్జాండర్ అప్పటికే అక్కడ వైద్యుడు. 1753లో అన్న స్థానంలో తమ్ముడు ఇంగ్లీషు వర్తకులకు వైద్యుడయ్యారు. 1760 నుంచి 1762 వరకు ఆ నగరాన్ని ప్లేగు పీడించింది. రసెల్ ఊరు విడిచి వెళ్లలేదు. రోగం ఎలా వస్తోందో, ఎలా పాకుతోందో, ఎవరు కోలుకుంటున్నారో ఓపికగా రాసుకున్నారు. ఆ రాతలే 1791లో ప్లేగుపై పెద్ద గ్రంథంగా వెలువడ్డాయి.

1781లో ఆయన తన తమ్ముడు క్లాడ్ వెంట మన తెలుగు తీరానికి వచ్చారు. క్లాడ్‌కు ఈస్టిండియా కంపెనీవారు విశాఖపట్నంలో అధికారం అప్పగించారు. రసెల్‌కు అప్పటికి యాభై దాటాయి. ఆ వయసులో ఉన్న నాబోటివాళ్లం ఇక కొత్తగా నేర్చేదేముందిలే అనుకుంటాం. ఆయన మాత్రం అప్పుడే కొత్త చదువు మొదలుపెట్టారు. 1785లో, కంపెనీ కొలువులో ప్రకృతి శాస్త్రజ్ఞుడుగా ఉన్న కోనిగ్ కాకినాడ దగ్గర జగన్నాథపురంలో కన్నుమూశారు. ఆ ఉద్యోగం అదే ఏడాది రసెల్‌కు దక్కింది.

మొదట పాముల సంగతి చూద్దాం. పాము కరిస్తే ఏ మందు పనిచేస్తుందో చెప్పేవాళ్లు అప్పుడూ చాలామందే. కానీ కరిచిన పాముకు అసలు విషం ఉందా అని అడిగేవాళ్లు తక్కువ. విషంలేని పాము కరిస్తే మంత్రం వేసినా, వేయకపోయినా మనిషి బతుకుతాడు. కీర్తి మాత్రం మంత్రానికి దక్కుతుంది. తర్కశాస్త్రం చదివినవారికి ఇందులోని తప్పు వెంటనే తెలుస్తుంది. చదవనివారికి అది ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే రసెల్ ముందుగా ఏది విషసర్పమో, ఏది కాదో తేల్చడానికి పూనుకున్నారు. కోళ్ల మీద, కుక్కల మీద ప్రయోగాలు చేశారు. ఆ పద్ధతి ఇవాళ మనకు క్రూరంగా తోస్తుంది, నిజమే. కాని ఆనాడు పేరుమోసిన మందులను కూడా ఆయన పరీక్షించకుండా నమ్మలేదు. 1796లో కోరమాండల్ తీరపు పాముల గ్రంథం వెలువడింది. అందులో రక్తపింజరికి ఆయన ఇచ్చిన పేరు మన తెలుగు పేరే: కాటుక రేకుల పొడ. మరో పాముకు రాసుకున్న పేరు బంగారు పాము. నేటికీ కట్లపాముల వర్గానికి శాస్త్రనామం బంగారస్. మన బంగారమే అది!

ఇక చేపలు. విశాఖ తీరంలో జాలరులు తెచ్చిన చేపలను రసెల్ శ్రద్ధగా పరిశీలించారు. నీటినుంచి తీసిన చేప రంగు త్వరగా వెలిసిపోతుంది. కనుక తాజా చేపను ముందుంచుకుని చిత్రకారుని చేత బొమ్మ వేయించాలి, ముళ్లు లెక్కపెట్టాలి, రెక్కలు కొలవాలి. అలా పోగుచేసిన 200 చేపల వర్ణనలు, బొమ్మలు 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా వచ్చాయి. అందులో ఒక్కొక్క చేపకు స్థానికుల నోట విన్న పేరే పెట్టారు. మన కోస్తావాసులు కానాగంత అనే చేపను ఆయన కనగుర్త అని రాశారు. 1816లో ఫ్రాన్సు పండితుడు కువియే ఆ మాటనే శాస్త్రనామంలో చేర్చారు. ఈనాడు ఎర్రసముద్రం మొదలు ఇండోనేషియా దాకా ఏ శాస్త్రజ్ఞుడైనా ఆ చేపను ఆ తెలుగు మాటతోనే పిలవాలి.

మరొక చేపకు ఆయన రాసుకున్న పేరు కోడిపుంగి. పైకి చదివితే మన కోడిపుంజు గుర్తుకు రాదూ? రెక్కలు విప్పి, ఈకలు నిక్కించి పోరుకు దిగిన పుంజులా ఉంటుందది. పగడపు దిబ్బల నీళ్లలో పేరుపొందిన సింహచేపల కుటుంబానికి చెందినది. దాని ముళ్లలో విషం ఉంటుంది. 1831లో దానికి రసెల్ పేరే పెట్టారు. చూడండి, నేలమీద ఒక విషప్రాణికి, నీటిలో ఒక విషప్రాణికి ఒకే వైద్యుని పేరు!

ఈ పాత జాబితా మనకెందుకు అని మీరు అడగవచ్చు. పగడపు దిబ్బలు సముద్రపు అడుగున నూటికి ఒక వంతుకన్నా తక్కువ చోటే ఆక్రమిస్తాయి. సముద్రజీవులలో దాదాపు నాలుగో వంతు జాతులకు అవే ఆధారం. 1998లో సముద్రపు నీరు మితిమీరి వేడెక్కినపుడు లక్షద్వీపాల్లో, అండమాన్‌లో, మన్నార్ సింధుశాఖలో పగడాలు తెల్లబారి పెద్దఎత్తున చనిపోయాయి. ఎంత పోయిందో చెప్పాలంటే ముందు ఎంత ఉండేదో తెలియాలి. పెట్టెలో ఎన్ని రూపాయలున్నాయో లెక్కలేనివాడు దొంగతనం జరిగిందని ఎలా చెప్పగలడు? 1933లో విశాఖలో నౌకాశ్రయం తెరవడానికి శతాబ్దంన్నర ముందే అక్కడి నీళ్లలో ఏముండేవో చెప్పే సాక్షి ఆ 200 బొమ్మలు.

ఒక్క లోటు మాత్రం మనసును తొలుస్తుంది. పాముకు, చేపకు రసెల్ పేరు వచ్చింది. వాటిని వలలో పట్టి, తేడాలు విడమరచి, పేర్లు చెప్పిన జాలరికి ఆ గౌరవం దక్కలేదు. ఆ జ్ఞానం ముందుగా అతనిదే. రసెల్ గొప్పతనమల్లా చదువులేనివాని నోటిమాటను చులకన చేయక, యథాతథంగా కాగితం మీద పెట్టడం.

1789లో ఆయన ఇంగ్లండుకు తిరిగి వెళ్లారు. 1805 జూలై 2న లండన్‌లో మరణించారు. పాముల గ్రంథం రెండవ సంపుటం ఆయన మరణానంతరం గాని పూర్తికాలేదు.

పాఠకులారా, రెండు మాటలు చెప్పి ముగిస్తాను. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో ఏటా సగటున 58,000 మంది పాముకాటుతో చనిపోయారని 2020లో వెలువడిన అధ్యయనం చెప్పింది. ఎక్కువమంది పల్లెవాసులే. రక్తపింజరి విషానికి విరుగుడు మందు ఈనాడు ఆసుపత్రుల్లో ఉంది. మంత్రగాని గడపలో గడిపే గంట తిరిగి రాదు. కట్లు బిగించవద్దు, కోయవద్దు. కరిచిన కాలో, చెయ్యో కదలకుండా ఉంచి నేరుగా ఆసుపత్రికి తీసుకుపోండి. రెండవది, మీ ఇంటి పెద్దలకు చెరువు చేపల పేర్లు, పిట్టల పేర్లు, గడ్డి మొక్కల పేర్లు ఎన్నో తెలుసు. ఈ ఆదివారం మీ పిల్లలను వారి దగ్గర కూర్చోబెట్టి, ఒక నోటుపుస్తకంలో ఆ పేర్లు రాయించండి. చెప్పినవారి పేరు కూడా పక్కనే రాయమనండి.