శస్త్రానికి మడి కట్టిన మహనీయుడు – జోసెఫ్ లిస్టరు

యుగాది వస్తున్నదంటే పది రోజుల ముందునుంచే మన ఇళ్ళలో దుమ్ము దులపడం, గోడలకు సున్నం వేయడం, గడపలకు పసుపు రాయడం మొదలవుతుంది. తాతముత్తాతల ఊరు విడిచి ఏ పట్టణంలో స్థిరపడినా ఈ అలవాటు మనల్ని విడువలేదు. శుభ్రమంటే మనకు అంత మక్కువ. అయితే కంటికి శుభ్రంగా కనిపించేదంతా నిజంగా శుభ్రమేనా? తళతళ మెరిసే కత్తిమీద కూడా ప్రాణం తీసే క్రిమి ఉండవచ్చునని గ్రహించి, దాన్ని తొలగించే దారి వెదకి, లెక్కలేనన్ని ప్రాణాలు నిలబెట్టిన ఒక శస్త్రవైద్యుని కథను ఈ పండుగనాడు మన కుటుంబాలవారితో ముచ్చటించాలని నా కోరిక.

జోసెఫ్ లిస్టరు 1827 వ సంవత్సరం ఏప్రిల్ 5 వ తేదీన ఇంగ్లండులో, లండనుకు దగ్గరగా ఉన్న అప్టన్ అనే ఊళ్ళో జన్మించాడు. వారిది క్వేకర్ల కుటుంబం. ఆడంబరం లేని జీవితం, మితభాషణం ఆ మతస్థుల నియమాలు. తండ్రి వృత్తి ద్రాక్షసారాయి వర్తకమైనా, ఆయన మనసంతా సూక్ష్మదర్శినిమీద ఉండేది. దానిలోని కటకాలను సవరించి, బొమ్మ చెదరకుండా స్పష్టంగా కనబడేటట్లు చేసిన ఘనత ఆయనకు దక్కింది. కంటికి కనిపించని లోకం ఒకటి ఉన్నదని లిస్టరు చిన్ననాటనే తండ్రి ఒడిలో కూర్చుని తెలుసుకున్నాడన్నమాట. ఆ పాఠమే తరువాత అక్కరకు వచ్చింది.

లండను యూనివర్సిటీ కాలేజీలో చదివి 1852 లో వైద్య పట్టం పుచ్చుకున్నాడు. మరుసటి సంవత్సరం, ప్రసిద్ధ శస్త్రవైద్యుడైన సైమ్ వద్ద కొన్ని వారాలు పని చూసి వద్దామని స్కాట్లండులోని ఎడింబరోకు వెళ్ళాడు. కొన్ని వారాలకని వెళ్ళినవాడు ఇరవై మూడేళ్ళకు పైగా ఆ దేశంలోనే ఉండిపోయాడు! నాలుగు రోజులు ఉండి వద్దామని బయలుదేరి అక్కడే వేళ్ళూనుకున్న మన పెద్దల సంగతి ఎరిగిన వారికి ఇది వింతగా తోచదు. సైమ్ గారి కుమార్తె ఆగ్నెస్‌ను 1856 లో వివాహమాడాడు. ఆమె క్వేకరు కాదు గనుక తాను పుట్టిన మతసంఘాన్ని వదులుకోవలసి వచ్చింది. వారికి సంతానం కలగలేదు. ఆమె భర్తకు ప్రయోగాలలో తోడుగా నిలిచి, ఆయన చెబుతూ ఉంటే గంటలకొద్దీ పుస్తకాలలోకి ఎక్కించేది.

1860 లో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి, మరుసటి ఏడు అక్కడి రాయల్ ఇన్ఫర్మరీ అనే పెద్ద ఆసుపత్రిలో శస్త్రవైద్యుని ఉద్యోగం లభించాయి. ఆ కాలపు ఆసుపత్రులు ఎలా ఉండేవో ఊహించడం ఇప్పుడు కష్టం. మత్తుమందులు 1846 నాటికి వచ్చాయి. రోగికి నొప్పి తెలియడం లేదు గనుక వైద్యులు పెద్ద పెద్ద ఆపరేషన్లకు సాహసించసాగారు. కాని ఆపరేషను బాగా జరిగినా, నాలుగు రోజులకు గాయం చీముపట్టి, మాంసం కుళ్ళి, విషం రక్తంలోకి ఎక్కి రోగి మరణించేవాడు. వైద్యులు ఎండిన రక్తంతో బిగుసుకుపోయిన పాత కోట్లు తొడుక్కుని పనిచేసేవారు. ఒక రోగికి వాడిన కత్తిని గుడ్డతో తుడిచి మరొక రోగికి వాడేవారు. ఇదంతా చెడుగాలివల్ల వచ్చే ఉపద్రవమని, మానవుని చేతిలో లేనిదని అందరూ సరిపెట్టుకునేవారు.

లిస్టరు సరిపెట్టుకోలేదు. ఎముక విరిగినా చర్మం చిట్లకపోతే రోగి బ్రతుకుతున్నాడు. చర్మం చిట్లితే చీముపట్టి చనిపోతున్నాడు. కాబట్టి బయటినుంచి ఏదో లోనికి ప్రవేశిస్తున్నది. ఆ ఏదో ఏమిటి? 1865 లో రసాయన శాస్త్రాచార్యుడు థామస్ ఆండర్సన్, ఫ్రాన్సులో లూయీ పాశ్చరు చేసిన పరిశోధనల సంగతి ఆయన చెవిన వేశాడు. పదార్థాలు కుళ్ళడానికి గాలి కారణం కాదు, గాలిలోనూ వస్తువులమీదా ఉండే సూక్ష్మజీవులే కారణమని పాశ్చరు తేల్చాడు. లిస్టరుకు చీకట్లో దీపం వెలిగినట్లయింది.

మరి ఆ క్రిములను చంపడం ఎలా? రోగి గాయాన్ని ఉడకబెట్టలేము కదా! కార్లైల్ పట్టణంలో మురుగునీటి దుర్గంధం పోవడానికి కార్బాలిక్ ఆమ్లం కలుపుతున్నారనీ, ఆ నీరు పారిన పొలాలలో మేసే పశువులకు వ్యాధులు తగ్గాయనీ ఆయన విన్నాడు. అదే మందు తెప్పించాడు. మొదటి ప్రయత్నం విఫలమైంది. 1865 ఆగస్టు 12 వ తేదీన జేమ్స్ గ్రీన్లీస్ అనే పదకొండేళ్ళ పిల్లవానిని ఆసుపత్రికి తెచ్చారు. బండిచక్రం ఎక్కి ఎడమకాలి ఎముక విరిగి, చర్మం చిట్లింది. అలాంటి కాలును తీసివేయడమే ఆనాటి ఆచారం. లిస్టరు గాయానికి కార్బాలిక్ ఆమ్లంలో తడిపిన గుడ్డ వేసి కట్టు కట్టాడు. నాలుగు రోజుల తరువాత గుండె దడదడలాడుతూ కట్టు విప్పాడనుకోవచ్చు. చీము లేదు. ఆరు వారాలకు ఎముక అతికింది. పిల్లవాడు రెండు కాళ్ళతో ఇంటికి నడిచి వెళ్ళాడు.

ఆ మీదట గాయం ఒక్కటే కాదు, గాయాన్ని తాకే ప్రతిదీ శుద్ధి కావాలని ఆయన నియమం పెట్టాడు. శస్త్రాలను ఇరవై పాళ్ళకు ఒక పాలు మందు కలిపిన నీళ్ళలో నానబెట్టాలి. వైద్యుని చేతులు, కట్టుగుడ్డలు, కుట్టేదారం అన్నీ మందునీళ్ళలో ముంచాలి. మన ఇళ్ళలో మడి కట్టుకున్నవారి తీరు గుర్తుకు తెచ్చుకుంటే ఇది సులభంగా బోధపడుతుంది. మడిబట్టకు మైలగుడ్డ తగిలితే మళ్ళీ తడపవలసిందే. అయితే లిస్టరు మడికి కులమూ లేదు, గోత్రమూ లేదు. శుద్ధి కాని వస్తువును తాకితే మహాపండితుడైన వైద్యుడైనా మైలపడినట్లే; మళ్ళీ చేతులు కడగవలసిందే.

1867 జూన్ నెలలో ఆయనకు కఠినపరీక్ష ఎదురైంది. తోడబుట్టిన ఇసబెల్లాకు రొమ్ములో పుండు. మిగతా వైద్యులు చేయి వేయడానికి జంకారు. లిస్టరే తన ఇంట్లో, భోజనాల బల్లమీద, అక్కకు ఆపరేషను చేశాడు. గాయం చీము పట్టకుండా మానింది. తరువాత ఆ వ్యాధి మరొక చోట తలెత్తి ఆమెను తీసుకుపోయినా, మూడేళ్ళు ఆమె బ్రతికింది.

లెక్కలే ఆయన పక్షాన సాక్ష్యం చెప్పాయి. ఈ పద్ధతి లేనప్పుడు ఆయన చేతులమీదుగా కాలో చెయ్యో తీయించుకున్న 35 మందిలో 16 మంది మరణించారు. పద్ధతి పాటించిన 1867, 1868, 1869 సంవత్సరాలలో 40 మందికి ఆరుగురే మరణించారు. అయినా చాలామంది వైద్యులు నమ్మలేదు. కనిపించని పురుగుకు భయపడేవాడని హేళన చేశారు. హేళనకు మూల్యం రోగులు చెల్లించారు. 1881 జూలై 2 న అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డుకు తుపాకిగుండు తగిలింది. వైద్యులు కడగని వేళ్ళతో, శుద్ధి చేయని పనిముట్లతో గుండు కోసం గాయాన్ని కెలికారు. సెప్టెంబరు 19 న ఆయన కన్నుమూశాడు. లిస్టరు పద్ధతి ప్రకటితమై అప్పటికి పద్నాలుగేళ్ళు!

జర్మనీ వైద్యులు ముందుగా మేలుకున్నారు. స్కాట్లండులో 1871 లో విక్టోరియా రాణికి చంకలో లేచిన గడ్డను లిస్టరే కోశాడు. 1877 లో లండనులోని కింగ్స్ కాలేజీకి వచ్చి, విరిగిన మోకాటిచిప్పను వెండితీగతో కట్టి చూపించి, సందేహించేవారి నోళ్ళు మూయించాడు.

ఆయనలో లోపాలు లేవని కాదు. స్త్రీలు వైద్యవిద్య నేర్వడం ఆయనకు ఇష్టం లేదు. ఈనాడు ఆసుపత్రులలో శస్త్రాల శుద్ధి ఎక్కువగా స్త్రీల చేతులమీదుగానే నడవడం కాలం చెప్పిన జవాబు. కాని తన తప్పు తెలిస్తే దిద్దుకునే గుణం ఆయనలో ఉంది. గాలిలోని క్రిములను చంపడానికి మందునీటి తుంపరలు చల్లే యంత్రాన్ని ఏళ్ళతరబడి వాడి, అది అనవసరమని తేలాక విడిచిపెట్టి, 1890 లో వైద్యుల మహాసభలోనే ఆ సంగతి ఒప్పుకున్నాడు.

మందు కన్న ఆవిరి మేలని తరువాతివారు కనుగొన్నారు. కొన్ని క్రిములు గట్టి పెంకులో విత్తనంలా దాగి ఉంటాయి. వాటిని కార్బాలిక్ ఆమ్లం చంపలేదని 1881 లో రాబర్టు కోఖ్ చూపాడు. పాశ్చరు శిష్యుడు షాంబెర్లాన్ 1879 లో చేసిన ఆటోక్లేవు యంత్రం దీనికి అక్కరకు వచ్చింది. అది మన వంటింటి కుక్కరుకు పెద్దన్న వంటిది. నీరు మామూలుగా 100 డిగ్రీల వద్ద మరుగుతుంది. మూత బిగించి చదరపు అంగుళానికి 15 పౌన్ల ఒత్తిడి అదనంగా పెంచితే ఆవిరి 121 డిగ్రీలకు చేరుతుంది. ఆ వేడిలో పావుగంటకు తక్కువ కాకుండా ఉంచితే ఆ విత్తనాలు కూడా చస్తాయి. వేడికి కొయ్య, దంతపు పిడులు ఆగలేవు గనుక శస్త్రాలన్నీ లోహంతోనే చేయడం మొదలైంది.

అయితే యంత్రం ఉన్నంత మాత్రాన సరిపోదు. శస్త్రంమీద రక్తం ఎండి ఉంటే దాని కింద క్రిమి తలదాచుకుంటుంది. కనుక ముందు తోమి కడగాలి. మూటలు కిక్కిరిసి పెడితే, లోపలి గాలి బయటికి పోకపోతే, ఆవిరి అంతటా చేరదు. మూట తడిగా బయటికి వస్తే మళ్ళీ పెట్టాలి. తగిన వేడి తగిలితే రంగు మారే పట్టీలు కూడా వచ్చాయి. వాటిని చూడకుండా మూట విప్పకూడదు. ఇందులో ఏ ఒక్క మెట్టు తప్పినా, గ్లాస్గోలో 1865 కు ముందున్న చీకటి మళ్ళీ ప్రవేశిస్తుంది.

లిస్టరుకు ప్రభువు బిరుదు, రాయల్ సొసైటీ అధ్యక్షపదవి లభించాయి. 1892 లో పారిస్‌లో పాశ్చరు డెబ్బైయవ జన్మదినోత్సవంలో ఆ ఇద్దరు వృద్ధులూ నిండుసభలో కౌగిలించుకున్నారు. మరుసటి ఏడు ఆగ్నెస్ కన్నుమూసింది. ఆ దెబ్బనుంచి ఆయన పూర్తిగా కోలుకోలేదు. 1912 ఫిబ్రవరి 10 న వాల్మర్ అనే సముద్రతీరపు ఊళ్ళో మరణించాడు. పూర్వం రాజులను ఖననం చేసిన వెస్టుమినిస్టరు ఆలయం కాదని, తన కోరిక ప్రకారం భార్య పక్కనే విశ్రమించాడు.

మన కుటుంబాలలోని పిల్లలు కొందరు ఆసుపత్రులలో నర్సులుగా, ఆపరేషను గదిలో సహాయకులుగా పనిచేస్తూ ఉంటారు. రోగి వైద్యునికి దండం పెడతాడు గాని, ఎక్కడో వెనుకగదిలో చెమటోడుస్తూ శస్త్రాలు తోమి, మూటకట్టి, ఆవిరికి పెట్టిన మనిషి ముఖం చూడడు. ఆ పని చిన్నదని ఎవరైనా అంటే లిస్టరు కథ వారికి చెప్పండి. ఆ పదకొండేళ్ళ పిల్లవాని కాలు నిలిచింది ఆ పనివల్లనే. ఈ నూతన సంవత్సరంలో ఆసుపత్రి గడప తొక్కిన ప్రతివారూ సుఖంగా ఇల్లు చేరుదురు గాక!